వంటింట్లో మైకు పెట్టలేదు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎవరినీ ఏదీ అడగరు.

పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లంతా "పిల్లని ఏమైనా అడుగు బాబూ" అని పోరుపెడితే, తల అడ్డంగా ఊపి ఉప్మా తిని లేచి వెళ్లిపోయారు. బుద్ధిమంతుడని మా నాన్న మురిసిపోయారు. సంగతేమిటంటే, నేనేం జవాబులు చెప్తానో ఆయన కూర్చున్నచోటే ఊహించేసుకున్నారట. ఇంక అడిగి ఆలస్యం చేయడం దేనికని. ఆ ఊహల్లో ఒకటి నాకు పాడడం వచ్చునని. కాపురానికొచ్చిన కొత్తలో చాలా రోజులు ఓపిగ్గా ఎదురుచూశారు, పాపం. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా కాఫీయా టీయా అని అడగరు. మొహం చూసి తేల్చేసి "కాఫీ" అని నాకు కేకేస్తారు. వచ్చినవాళ్లు మొహమాటానికి తాగేస్తారు. అందుచేత తన అంచనా ఒక్కసారీ తప్పలేదని ఆయన గట్టి నమ్మకం.

ఇలాంటి మనిషికి కంప్యూటర్లలో డాక్టరేటు ఇచ్చి, విశాఖలో సముద్రానికి ఎదురుగా ఒక ల్యాబు కట్టించి ఇస్తే ఏం కనిపెడతారు? ఎదుటివాళ్లని అడక్కుండానే వాళ్ల జవాబు రాబట్టే యంత్రం కనిపెట్టారు. దానికి పెట్టిన పేరు కూడా 'ఎదుటిమనిషి'.

ల్యాబు బోర్డు మీద ఆయన డాక్టర్ టి. నాయుడు. ఆ 'టి' వెనక తవిటినాయుడనే అచ్చ పల్లెటూరి పేరుందని అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. అవసరం పడుతుందేమోనని దాచుకున్నాను.

యంత్రానికి డబ్బిచ్చింది ఢిల్లీలో ఒక శాఖ. పక్క దేశానికి జాబు రాసే ముందు వాళ్లేం బదులిస్తారో తెలిసిపోతే బాగుంటుందని వాళ్ల కోరిక. ఎదుటి పక్షం రాసిన ఉత్తరాలు, చేసిన ప్రసంగాలు, తిట్టిన తిట్లు అన్నీ యంత్రంలో పోస్తే, అది ఆ పక్షంలాగే ఆలోచించి, ఆ పక్షంలాగే మాట్లాడుతుంది. అయితే అది చెప్పేది నిజమని తేలేదెలా? జరిగిపోయిన తగువొకటి కావాలి, జవాబులు మనకి ముందే తెలిసినది.

"అమెరికా, ఇంగ్లండూ" అన్నాను నేను, పప్పు వడ్డిస్తూ. నేను ఎం.ఏ. హిస్టరీ. కొత్తగా పుట్టిన అమెరికా బయటి దేశాలతో ఎలా నెగ్గుకొచ్చిందన్నది నా స్పెషల్ పేపరు. ఇన్నేళ్లుగా దాన్ని ఇడ్లీ పిండిలో కలపడానికి వీలుపడలేదు. "రెండొందల ఏళ్ల కిందటి గొడవ. అటు ఉత్తరాలూ ఇటు ఉత్తరాలూ అన్నీ అచ్చయ్యాయి. పైగా అప్పట్లో లండన్ నుంచి ఒక ముక్క రావాలంటే ఓడ మీద వారాలు పట్టేది. మీ యంత్రం ఆ రోజుల్లో ఉంటే వాళ్ల పాలిట దేవుడే."

ఆయన పప్పు బాగుందన్నారు. మర్నాడు ల్యాబులో ఈ ఆలోచన తనకి వచ్చిందని చెప్పారు. వచ్చిన చోటు మాత్రం చెప్పలేదు.

ఆ విధంగా నేను జీతం లేని చరిత్రకారిణినయ్యాను. మధ్యాహ్నం వంటయ్యాక ల్యాబుకి వెళ్లి, ఏ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో, ఎందుకు రాశారో దమయంతికి చెప్పేదాన్ని. దమయంతి అంటే యంత్రం నడిపే ఇంజనీరు. నవ్వొస్తే కళ్లజోడు తీసి తుడుచుకునే మనిషి.

అప్పటి గొడవ అంత కష్టమైనదేమీ కాదు. ఇంగ్లండుకి ఫ్రాన్సుతో యుద్ధం. అమెరికా మాకెవరితోనూ పేచీ లేదు, అందరితోనూ వ్యాపారం చేసుకుంటాం అంది. కుదరదు, మా రేవులో ఆగి మా అనుమతి తీసుకునే ఐరోపా వైపు కదలాలి అని ఇంగ్లండు ఆజ్ఞలు జారీ చేసింది. అంతటితో ఆగక, నడిసముద్రంలో అమెరికా ఓడలు ఎక్కి, వీడు మావాడు, వాడు మావాడు అంటూ నావికుల్ని లాక్కుపోయేది.

ఒక మధ్యాహ్నం దమయంతి అమెరికా రాయబారి తరఫున యంత్రాన్ని అడిగింది: మా ఓడల మీద పనిచేసే మనుషుల్ని ఏ హక్కుతో పట్టుకుపోతున్నారు? మీవాళ్లు కాదని కాగితాలు ఇచ్చాం కదా?

యంత్రంలోని లండన్ క్షణంలో బదులిచ్చింది. "పుట్టినప్పుడు మావాడైనవాడు పోయేదాకా మావాడే. మీరిచ్చే కాగితాన్ని బట్టి మనిషి మారిపోడు."

మా ఆయన సంతోషంతో చేతులు రుద్దుకున్నారు. అచ్చంగా అలాంటి మాటే అప్పటి లండన్ అంది. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆ మాట నేను చదవకముందే విన్నాను. మా అత్తగారి నోట విన్నాను.

మా అత్తగారు ఆదెమ్మ పలాసలో జీడిపిక్కల బట్టీ నడిపిన మనిషి. ముగ్గురు మగాళ్లు ఎత్తలేని పెనం మీద పిక్కలు వేయించి, ఆ పొగలో ఇద్దరు పిల్లల్ని పెంచింది. కొడుకు చదువుకుని బట్టీకి పనికిరాకుండా పోయాడు. కూతురు వరహాలుకి, అంటే మా వరాలుకి, అమ్మ పని, అమ్మ గొంతు, అమ్మ పొగరు మూడూ వచ్చాయి. ఒకే బట్టీలో అవి రెండేసి పట్టవు కదా. వరాలు విడిపోయి, రైలు గేటు అవతల తన సొంత షెడ్డు వేసుకుంది.

అత్తగారు అది సహించింది. బట్టీలో పిక్కలు కొట్టే కనకం వరాలు షెడ్డుకి వెళ్లడం మాత్రం సహించలేకపోయింది. ఒకరోజు పొద్దున్నే వెళ్లి, అందరూ చూస్తుండగా కనకాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. "నా బట్టీ కాడ సేతులు కాల్సుకుని పని నేర్సుకున్నాది. ఇది నా మనిసి" అంది. వరాలు ఊరుకోలేదు. తన పనివాళ్లందరికీ ఫోటోలతో ప్లాస్టిక్ కార్డులు చేయించి మెడలో వేసింది. అత్తగారు వాటిని చూసి "ఈ బిళ్లలేటి, మేకలకేసినట్టు" అని, కార్డుతో సహా ఇంకొకామెని తెచ్చేసుకుంది. వరాలు కోపంతో ఆ ఏడు పలాసలో ఎవరికీ పప్పు అమ్మనని భీష్మించుకుని తన షెడ్డే మూసేసుకుంది. నష్టం ఎవరికో చెప్పనక్కర్లేదు. అమెరికా కూడా సరిగ్గా అదే పని చేసింది, తన ఓడల్ని తన రేవుల్లోనే కట్టేసుకుని.

చివరికి వరాలు మాట్లాడదామని తల్లి గుమ్మం దాకా వస్తే, అత్తగారు పనివాళ్ల ముందే గెంటించింది. ఆ తర్వాత తల్లీకూతుళ్లకి మాటల్లేవు. మాటల్లేవంటే ఎదురుగా లేవని. మోకాళ్లు అరిగి, బట్టీకి తాళం వేసి మా ఇంటికొచ్చేశాక కూడా, అత్తగారు అనదలచుకున్నవన్నీ నా ద్వారా అనేది. వరాలు చెప్పదలచుకున్నవి నా ఫోనుకే వచ్చేవి. జీతం లేని రాయబారిని కూడా నేనే.

యంత్రం చాలా వరకూ సరిగ్గానే చెప్పింది. వ్యాపార ఒప్పందం దగ్గర, ఓడల పట్టివేత దగ్గర, నావికుల దగ్గర లండన్ ఏమందో అదే అంది. 1812 దగ్గర మాత్రం తప్పింది. ఆ ఆజ్ఞలు రద్దు చేస్తారా అని అడిగితే, చచ్చినా చెయ్యం అంది. అసలు లండనేమో రద్దు చేసింది. కాకపోతే ఆ కబురు అమెరికా చేరకముందే, ఇక వీళ్లు మారరని విసిగిపోయిన అమెరికా యుద్ధం ప్రకటించేసింది. తగువుకి పెద్ద కారణం తీరిపోయిన వారంలోనే కొట్టుకోవడం మొదలన్నమాట.

"ఒక్కటే కదా" అన్నారు మా ఆయన.

"యుద్ధం కూడా ఒక్కటేనండీ" అన్నాను.

దమయంతి కళ్లజోడు తీసింది.

"లండన్ మెత్తబడింది మంత్రులు రాసిన ఉత్తరాల్లో కాదు" అని చెప్పాను. "మిల్లులు మూతబడి, సరుకు కొనేవాడు లేక, వర్తకులు పార్లమెంటు దగ్గరికొచ్చి ఏడిస్తే మెత్తబడింది. ఆ ఏడుపు మీరు యంత్రంలో పొయ్యలేదు."

"అదంతా నాయిస్, సుభాషిణీ. రాజ్యం మాట అంటే రాజ్యం రాసిన మాటే" అన్నారాయన.

తర్వాతి పరీక్ష బతికున్న మనిషి మీద చెయ్యాలి. మొండిమనిషి అయ్యుండాలి, నడుస్తున్న తగువు ఉండాలి. వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. హాల్లోనే ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉంది.

అత్తగారిని ఒప్పించేపని నాకు పడింది. ఎందుకంటే ఆయన అడగరు కదా. "మీ అబ్బాయి మీ మాటలన్నీ ఒక పెట్టెలో దాచుకుంటారట అత్తయ్యా" అన్నాను.

"ఎందుకే? ఇంట్లో ఇంటానికి తీరిక లేదు గానీ పెట్టిలోయి ఇంటాడా?" అంది. అయినా కొడుక్కి తన మాటలు కావాలంటే లోపల సంబరమే. మంచి చీర కట్టుకుంది.

హాల్లో మైకులు పెట్టారు. వరండాలో, భోజనాల బల్ల దగ్గర, ఆవిడ గదిలో పెట్టారు. వంటింట్లో పెట్టలేదు.

"అక్కడ కూడా పెట్టండి" అన్నాను.

"మిక్సీ, కుక్కరు, చిమ్నీ. ఆ చప్పుడుకి డేటా అంతా పాడవుతుంది. అయినా వంటింట్లో ఏముంటుంది?"

నేనుంటాను, అనలేదు. అనుకున్నాను.

వంటింట్లో ఏముంటుందంటే, పెరటి గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మంలో మా అత్తగారు చుట్ట కాలుస్తుంది. మా వైపు ఆడవాళ్ల పద్ధతిలో అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లోకి పెట్టుకుని. హాల్లో కాలిస్తే ఆయన మొహం చిట్లిస్తారని ఆవిడ అక్కడ స్థిరపడింది. నోట్లో నిప్పు ఉన్నంతసేపూ ఆవిడ నోట్లోంచి నిప్పులాంటి మాట ఒక్కటి రాదు. హాల్లో ఉయ్యాల మీద కూర్చుంటే "అది నా కూతురు కాదు, నాను సచ్చినా రావద్దను" అనే మనిషి, ఇక్కడ పీట మీద కూర్చుని, చుట్ట పక్కకి తీసి, "ఆ గుంటకి నడుంనొప్పి తగ్గినాదా? నువ్వడుగు. నానడిగానని సెప్పకు" అనేది. గుంటంటే మా వైపు ఆడపిల్ల, ఇక్కడ వరాలు. హాల్లో అన్న మాట ఊరికి, వంటింట్లో అన్న మాట పనికి. మా ఇంట్లో ఇది అందరికీ తెలుసు. అందరూ అంటే ఆడవాళ్లందరికీ.

కొన్ని వారాలకి పెట్టెలో ఆదెమ్మ తయారైంది. మొదటిసారి దాని గొంతు విని నేను తత్తరపడి కొంగు సర్దుకున్నాను. అదే బొంగురు, అదే విసురు. కోడలు వచ్చిందని దమయంతి చెప్తే, "తిన్నాదా నేదా అది? ఎండలో పడొచ్చీసింది" అంది. అంత బాగా చేశారు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు. విన్నంత మేరకి అంతా నిజమే.

ఆ ఏడు చలికాలం ముందు తుఫాను వచ్చింది. పలాస చుట్టూ జీడితోటలు వేళ్లతో సహా పడిపోయాయి. వరాలు షెడ్డు రేకులు రైలు పట్టాల మీద దొరికాయి. కొని పెట్టుకున్న పిక్కలు తడిసి కుళ్లడం మొదలైంది. తొందరగా వేయించకపోతే వరాలూ మునిగిపోతుంది, ఆమెని నమ్ముకున్న ఆడవాళ్లూ మునిగిపోతారు. వేయించడానికి ఊళ్లో చెక్కుచెదరకుండా నిలబడిన బట్టీ ఒకటే ఉంది. మా అత్తగారిది. దాని తాళం ఆవిడ బొడ్లో ఉంది.

వరాలు ఈసారి నాకు ఫోను చెయ్యలేదు. నేను ఉన్నమాటకి తీపి కలిపి సర్దిచెప్తానని ఆమెకి తెలుసు, అందుకని. అన్నకి చేసింది.

"అన్నియ్యా, నాను అమ్మ కాడికి వస్తాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంతాను. కానీ మళ్లీ నలుగురిలో గెంటీసినాదంటే బతకలేను. గెంటదని నువ్వు సెప్పు, రేపే బండెక్కుతాను."

ఆయన ఆ మాట విన్నది ల్యాబులో. తల్లి ఉన్నది ఇంట్లో, ఆటోలో వెళ్తే పావుగంట. ఆయన యంత్రాన్ని అడిగారు.

యంత్రం ఆదెమ్మ గొంతుతో చెప్పింది: "నా గుమ్మం తొక్కితే కాళ్లిరగ్గొడతాను. నా బట్టీ తాళం దానికిచ్చీకన్నా సముద్రంలో ఇసిరీడం మేలు."

అంతటితో ఆగినా బాగుండేది. ఫోను స్పీకరు దగ్గర పెట్టి చెల్లెలికి కూడా వినిపించారు. ఆయన దృష్టిలో అది దయ. వచ్చి, నలుగురిలో తిట్లు తిని వెళ్లే బాధ తప్పించడం. వరాలుకి ఆ గొంతు పెట్టెది అని ఆయన చెప్పారట, ఆమె కూడా విన్నదట. కానీ అమ్మ గొంతు అమ్మ మాటలు అంటుంటే, పెట్టె అన్న ముక్క ఎవరికి గుర్తుంటుంది?

బట్టీ మూతబడ్డాక వరాలు దగ్గరికే తిరిగెళ్లిన కనకం సరిగ్గా అదే మధ్యాహ్నం మా ఇంట్లో ఉంది. జీడినూనెకి చేతులు పుళ్లు పడితే పెద్దాసుపత్రికి చూపించుకోవడానికి వచ్చి, పాత యజమానురాల్ని పలకరించి పోదామని ఆగింది. హాల్లో అత్తగారు దానికి అన్నం పెట్టించి, తినేంతసేపూ వరాలుని తిట్టింది. తర్వాత లేచి వంటింట్లోకి వచ్చింది. నేను చేపలు తోముతున్నాను. చెయ్యి కడుక్కోమంది. బొడ్లోంచి తాళంచెవి విప్పి నా తడిచేతిలో పెట్టింది.

"కనకానికియ్యి. ఆ గుంటకి అందించమను. నువ్విచ్చినట్టే ఉండాలి. నానిచ్చినట్టు ఉండకూడదు. బేగి పంపించీ, పిక్కలు ముక్కిపోతాయి."

అప్పుడే ల్యాబు నుంచి ఇంటికొచ్చిన మా ఆయన మంచినీళ్లకని గుమ్మం దాకా వచ్చారు. తల్లి చెయ్యీ, నా చెయ్యీ, మధ్యలో తాళంచెవీ చూశారు. ఒక్క క్షణం ఆగారు. నీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఆవిడ చెప్పినట్టే చేశాను. అత్తగారు హాల్లో గట్టిగా ఇంకో నాలుగు తిడుతుండగా, వెనక గుమ్మం దగ్గర కనకం చేతికి తాళం ఇచ్చాను.

రెండు రోజుల్లో కనకం కొడుకు దాన్ని తిరిగి తెచ్చాడు.

నేను ఫోను చేస్తే వరాలు నిదానంగానే మాట్లాడింది. అదే భయం వేసింది. "ఎవులిచ్చినారని కనకాన్ని అడిగినాను. ఒదిన ఇచ్చింది అన్నాది. నువ్వు మంచిదానివే ఒదినా. నాకోసరం అమ్మ బొడ్లోంచి తీసినావు. దొంగ తాళంతో నాను బట్టీ తెరవను."

"నేను తియ్యలేదు వరాలూ. అత్తయ్యే ఇచ్చింది, నీకిమ్మని."

"నా సెవుల్తో ఇన్నాను ఒదినా, అమ్మ ఏటందో."

అప్పుడు తెలిసింది నాకు యంత్రం సంగతి. ఇన్నేళ్లు నేను మోసిన మాటలు ఒక్కటీ అబద్ధం కాదు. కాస్త తీపి కలిపానేమో గానీ, అబద్ధం కాదు. ఇప్పుడు ఒక పెట్టె నోరు తెరిచేసరికి నా ఉద్యోగం పోయింది.

సాయంత్రం ఆయన రాగానే అన్నాను, "మీ యంత్రం తప్పు చెప్పింది. మీరు చూశారు కూడా."

"నేను చూసింది నువ్వు తాళం పట్టుకోవడం."

"ఇచ్చింది ఎవరు?"

ఆయన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టారు.

"పోనీ, లోపలే ఉంది. వెళ్లి అడగండి."

"అడిగితే పరీక్ష పాడవుతుంది" అన్నారు, చాలా శాంతంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ప్రశ్న విన్న మనిషి ఆ క్షణం నుంచి వేరే మనిషి అయిపోతుంది. ఢిల్లీకి ఫలితం పంపేశాను."

అందుకని నేనే అత్తగారికి చెప్పాను, పెరటి గుమ్మంలో. పెట్టె ఆవిడ గొంతుతో ఏమందో, వరాలు ఏం విన్నదో. ఆవిడ చుట్ట ఆర్పేసింది.

"ఆ మాటలు నానన్నవే" అంది. "అబద్ధమేటుంది? మాట నాదే, తాళమూ నాదే. పెంచిన పిల్ల పెట్టి సెప్తే నమ్మీసింది, ఒదిన సెప్తే నమ్మలేదు."

"ఒక్కసారి ఫోను చెయ్యండి అత్తయ్యా. మీ నోటితో."

"నాను సెయ్యను. తాళం పంపినాను. ఇంకేటి పంపాల?"

ఆవిడ మొదటిసారి వంటింట్లో హాలు గొంతుతో మాట్లాడింది. వారం తిరక్కుండా బట్టీని బరంపురం షావుకారుకి అమ్మేయమని కొడుక్కి చెప్పింది. హాల్లో చెప్పింది. మైకులన్నీ చక్కగా విన్నాయి. షావుకారు బట్టీ పడగొట్టి గోడౌను కట్టాడు. వరాలు పిక్కలు ఎరువుకింద పోయాయి. ఇప్పుడామె ఇంకొకరి కొట్లో పప్పు గ్రేడు చేస్తోంది. కనకం లాంటి వాళ్లు ఇటుకల పనికి పోయారు.

ఎండలు ముదరకముందే అత్తగారికి పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. వరాలు కబురందుకుని బయల్దేరి, విజయనగరం దాటుతుండగానే ఆవిడ వెళ్లిపోయింది. అందరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. కానీ వంటింట్లో ఏడ్చాను, అలవాటు కొద్దీ.

కర్మలయ్యాక వరాలు అన్నని అడిగింది, "ఆ పెట్టిలో అమ్మ గొంతు ఉంది కదా. ఓపాలి ఇంటాను."

ఆయన తలూపారు. ఏ రోజున రమ్మన్నారో తెలుసా? ఢిల్లీ శాఖ నుంచి మాథుర్ గారనే అధికారి యంత్రాన్ని ఖాయం చేయడానికి వచ్చే రోజున. బతికున్న కూతురు వచ్చి మాట్లాడితే ప్రదర్శన బాగుంటుందని. ఆయన దుర్మార్గులు కారు. ఒకే పనికి రెండు ప్రయోజనాలు కనిపిస్తే ఆగలేరు, అంతే.

మాథుర్ గారు వయసైన మనిషి, మర్యాదస్థుడు. ముందు లండన్‌ని చూపించారు. అదయ్యాక మా ఆయన తెర మీద బొమ్మలు వేసి ఇంగ్లీషులో చెప్పారు: రెండో పరీక్ష, జీవించి ఉన్న వ్యక్తి. యంత్రం ఊహ, ఆమె కూతురితో రాజీపడదు. జరిగింది, రాజీపడలేదు. పక్కన పచ్చరంగు టిక్కు.

ఆ టిక్కు వంక చూస్తూ నేను కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. దమయంతి కళ్లజోడు తియ్యలేదు.

వరాలు నేత చీరలో, నల్లబారిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని మైకు ముందు కూర్చుంది.

"అమ్మా. నాను, వరాల్ని."

"ఎందుకొచ్చినావు?" అంది పెట్టె. అదే బొంగురు. వరాలు కళ్లు మూసుకుంది.

"తిన్నావా అమ్మా?"

"నా తిండి సంగతి నీకెందుకు? నీ బిళ్లల మనుసులున్నారు కదా, ఆళ్లనడుగు."

వరాలు నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. "ఒక్కటి సెప్పమ్మా. ఆ తాళం... నువ్వే ఇచ్చినావా?"

"నా తాళం నానెవులికీ ఇవ్వను. నీకసలే ఇవ్వను."

వరాలు కళ్లు తుడుచుకుని లేచింది.

"సాలు అన్నియ్యా. నాకు తెలిసిందే. ఒదిన మీద కోపం నేదు నాకు. నన్ను బతికించాలని అలగ సేసింది."

మాథుర్ గారికి తెలుగు రాదు. కానీ ఏడుపు ఏ భాషలోనైనా అర్థమవుతుంది కదా. ఆయన గొంతు తగ్గించి ఇంగ్లీషులో అన్నారు, "క్షమించాలి. కానీ చాలా స్పష్టంగా ఉంది. అంటే యంత్రం చెప్పినట్టే జరిగింది."

నేను లేచి నిలబడ్డాను. చాలాసార్లు చెప్పాను కాబట్టి ఈసారి వరాలుకి చెప్పలేదు. ఆయనకి చెప్పాను. "నేను చెప్తే అది వంటింటి మాట. ఆ రోజు మంచినీళ్లకని వచ్చి, తాగకుండా వెళ్లిపోయిన మనిషి ఎవరో మీరే చెప్పండి. చెప్పకపోతే వరాలు ఈ గొంతునే అమ్మనుకుని ఊరికి పోతుంది. జీవితమంతా అదే వింటుంది."

వరాలు అన్న మొహం వంక చూసింది. దమయంతి స్క్రీను వంక చూసింది. మాథుర్ గారు పెన్ను మూత పెట్టకుండా ఆగారు.

మా ఆయన తెర దగ్గరికి వెళ్లి ఆ పచ్చ టిక్కుని చూస్తూ నిలబడ్డారు. తర్వాత మాథుర్ గారి వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నారు, "కాదు సార్. యంత్రం చెప్పినట్టు జరగలేదు. యంత్రం చెప్పబట్టి జరిగింది. ఇది నెగ్గినట్టు కాదు. దీన్ని మీరు తీసుకోవద్దు."

మాథుర్ గారు ఏదో అనబోయారు. ఆయన వినిపించుకోలేదు. చెల్లెలి దగ్గరికి వచ్చారు. ల్యాబులో అడుగుపెట్టిన నాటి నుంచి ఎవరూ వినని పలాస మాట ఆయన నోట్లోంచి వచ్చింది.

"అమ్మే ఇచ్చినాది, వరాలూ. బొడ్లోంచి ఇప్పి మీ ఒదిన సేతిలో పెట్టినాది. నాను సూసినాను. గుమ్మంలో నిలబడి సూసినాను."

"సూసి?" అంది వరాలు.

"సూసి, నీకు సెప్పలేదు. ఢిల్లీకి రాసీసినాను కదా, అది తప్పయిపోతాదని."

వరాలు కుర్చీ వీపు పట్టుకుంది.

"తప్పు దీనిది..." అని ఆయన పెట్టె మీద చెయ్యి వేశారు. అక్కడే కొంతసేపు ఉంచి, తీసేశారు.

"కాదు. దీనిది కాదు. తప్పు నాదే. నానే తప్పు సేసినాను."